మిద్దెతోటకి మొలాసిస్: ఆకుకా, వేరుకా?

తొలకరి పడి కుండీలు కాస్త తేరుకోగానే హైదరాబాద్ మిద్దెతోటల గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "లీటరు నీళ్ళకి మొలాసిస్ ఎంత కలిపి కొట్టాలండీ?" బయటి దేశాల వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో డబ్బా తెప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. నా మాట ముందే చెప్పేస్తా. ఆకుకి వద్దు, మట్టికి ఇవ్వండి. అదీ మొలాసిసే కానక్కర్లేదు, బెల్లం చాలు.

చెరకు రసం కాచి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి మడ్డే మొలాసిస్. అందులో సగానికి కాస్త అటూఇటూగా చక్కెరలే. పొటాష్ మెరుగ్గానే ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కొద్దికొద్దిగా ఉంటాయి, నత్రజని మాత్రం నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఒక టీ చెంచా మడ్డి సుమారు 7 గ్రాములు తూగుతుంది. లీటరు నీళ్ళలో కలిపితే చెట్టు మొత్తానికి అందే నత్రజని గ్రాములో పదో వంతు కూడా కాదు. అదే లీటరులో 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం ఉండే ఎరువు) 3 గ్రాములు కరిగిస్తే నత్రజని ఒక్కటే అర గ్రాము దాటుతుంది, భాస్వరం, పొటాష్ దాంతోపాటే వస్తాయి. ఆకు మీద కొట్టేది పోషకం కోసమే అయితే లెక్క ఇక్కడే తేలిపోయింది.

మరి ఆ చక్కెర? ఎండ ఉన్నంతసేపూ ఆకు తన చక్కెర తానే వండుకుంటుంది. పైన మైనపు పొర ఉంటుంది కాబట్టి మనం చల్లిన చక్కెర లోపలికి దిగేది బహు తక్కువ, పైనే జిగటగా ఉండిపోతుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలినప్పుడు ఆకులకి నల్లగా మసి పట్టడం చూసే ఉంటారు. ఆ బూజు పెరిగేది పురుగు వదిలిన తీపి బంక మీదే. పిండినల్లి పట్టిన మందారం కింద చీమల బారు కట్టేదీ ఆ బంక కోసమే. అవి తిని ఊరుకోవు, పిండినల్లికి కాపలా కాస్తాయి. వానాకాలపు ముసురులో ఆకుకి తీపి పూయడమంటే పిలవని పేరంటానికి మనమే బొట్టు పెట్టడం! పొలాల్లో లద్దెపురుగుకి పెట్టే విషపు ఎరలో తవుడుతోపాటు బెల్లం కలిపేదీ ఈ ఆకర్షణ కోసమే.

మందు ఆకుకి అంటుకోవడానికి మొలాసిస్ కలుపుతామంటారు కొందరు. దానికి రెండు చుక్కల సబ్బునీళ్ళు చాలు.

మట్టి సంగతి వేరు. అక్కడి సూక్ష్మజీవులకి తీపి తక్షణ ఆహారం. అవి పెరిగి కంపోస్టుని త్వరగా కుళ్ళబెడితే, అందులోని పోషకాలు వేరుకి అందుతాయి. అయితే కుండీలో కుళ్ళడానికి ఏదో ఒకటి ఉండాలి. ఒట్టి కోకోపీట్ (కొబ్బరిపొట్టు), ఎర్రమట్టి మిశ్రమంలో తీపి నీళ్ళు పోస్తే ఆ జీవులు ఉన్న కాస్త నత్రజనినీ తామే లాక్కుంటాయి, మొక్క కొన్నాళ్ళు వెలవెలబోతుంది. గుప్పెడు వర్మీ కంపోస్టు వేసి, లీటరుకి చెంచా చొప్పున బెల్లం కరిగించి, పదిహేను రోజులకోసారి పోస్తే సరిపోతుంది. మట్టి పుల్లటి వాసన వస్తుంటే ఆపేయండి.

బెల్లమే ఎందుకంటే, అది దొరుకుతుంది. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్స్ నాటి నుంచీ మన దగ్గర చక్కెర మిల్లులున్నా, మడ్డి ఎక్కువగా డిస్టిలరీలకే పోతుంది, చిల్లరగా దొరకడం కష్టం. నల్లబెల్లం అడిగితే కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు, గుడుంబా పుణ్యమా అని. బేగంబజార్‌లో దొరికే ముదురు రంగు బెల్లం తెచ్చుకోండి. మరీ తెల్లగా మెరిసేదాన్ని హైడ్రోస్ అనే రసాయనం వేసి తెలుపు చేసి ఉండొచ్చు, అది వద్దు.

ఓపికుంటే జీవామృతం ఇంకా మేలు. ప్రకృతి వ్యవసాయం ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి లెక్క 200 లీటర్లకి. మిద్దెకి పదో వంతు చాలు: 20 లీటర్ల నీళ్ళలో కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, చిటికెడు మంచి మట్టి. నీడలో రెండు రోజులు పులియనిచ్చి వారంలోపు వాడేయాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే డ్రమ్ము పక్కింటి కిటికీకి దూరంగా పెట్టుకోండి, తర్వాత మీ ఇష్టం.

ఇక బోరునీళ్ళు పోసే ఇళ్ళలో తరచూ కనిపించేది ఒకటుంది. నిమ్మకో మందారానికో లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. "మొలాసిస్‌లో ఐరన్ ఉందిగా" అంటారు. చెంచాడులో ఉండేది మిల్లీగ్రాముల లెక్క. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపితే దాదాపు ఒక గ్రాము ఇనుము దిగుతుంది. అప్పటికప్పుడు కలుపుకుని, సాయంత్రం ఎండ దిగాక ఆకు అడుగువైపు కూడా తడిసేలా కొట్టండి, వారం ఆగి మళ్ళీ ఒకసారి. పసుపు కింది ముదురాకుల్లో మొదలైతే మాత్రం అది నత్రజని కొరత, అన్నభేది పనిచేయదు, 19-19-19 తీయండి.