పుష్యరాగం అని పసుపు జాస్పర్ అంటగడుతున్నారు, నెల్లూరు, ఒంగోలు వాళ్లు జాగ్రత్త

గురుబలం కోసం కనక పుష్యరాగం (ఎల్లో సఫైర్) కొనబోతున్న వాళ్లు ఒక్క నిమిషం ఇది చదవండి. మా పిన్ని నెల్లూరులో ఒక షాపులో పుష్యరాగం అని కొన్న రాయి, చెన్నైలో ల్యాబ్‌కి ఇస్తే పసుపు జాస్పర్ అని, అంటే వెలుగు దూరని వేరే రకం రాయి అని తేలింది. పుష్యరాగం రేటు కట్టించుకుని, బిల్లులో మాత్రం ‘ఎల్లో స్టోన్’ అని రాశారు!

ఉంగరం వెనక బంగారు రేకుతో మూసేశారు. ఆచారి దగ్గర రాయి ఊడదీయించి చూస్తే ఆవపిండి రంగు, ఓ పక్కన సన్నటి గోధుమరంగు చార. కింద సెల్‌ఫోన్ టార్చ్ పెడితే చుక్క వెలుగు పైకి రాలేదు. మంచి పుష్యరాగంలో వెలుగు దూరి వస్తుంది.

షాపులో గాజు ముక్క మీద గీసి చూపించి, ‘గీత పడింది చూడండమ్మా, అసలైన రాయి’ అన్నారట. దాన్ని నమ్మకండి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు ఉండే మోస్ స్కేలుతో కొలుస్తారు. అందులో గాజు గట్టిదనం సుమారు 5.5, జాస్పర్‌ది 6.5 నుంచి 7. అదీ గాజును గీస్తుంది. పుష్యరాగానిది 9. బరువులోనూ తేడా ఉంది: పుష్యరాగం నీటికి నాలుగు రెట్లు బరువు, జాస్పర్ సుమారు 2.6 రెట్లే.

జాస్పర్ చెడ్డ రాయేమీ కాదు. సిలికా కలిసిన నీళ్లు బురదలోకో అగ్నిపర్వత బూడిదలోకో ఇంకి గట్టిపడితే తయారవుతుంది. అందులో చిక్కుకున్న ఇనుప ఖనిజాలు వెలుగును ఆపేస్తాయి. పసుపు రంగు గోథైట్ అనే ఖనిజానిది. బాగా కాలిస్తే అది హెమటైట్‌గా మారి రాయి ఎర్రబడుతుంది. సింధు నాగరికత కాలంలోనే దీంతో పూసలు చేశారు. ఇప్పటికీ దండలకు, లాకెట్లకు చక్కగా ఉంటుంది. జాస్పర్ అని చెప్పి, జాస్పర్ రేటుకి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. పెన్షన్ డబ్బులు కూడబెట్టుకున్న మనిషికి ఇలా చేయడమే నాకు కడుపు మండిస్తోంది.

ఉంగరంలో బిగించకముందే విడి రాయిని వెలుగులో చూడండి. బిల్లు మీద ‘సహజ పుష్యరాగం’ అని, ఎన్ని క్యారెట్లో రాయించుకోండి. రాయనంటే కొనకండి. ల్యాబ్ సర్టిఫికెట్ ఇస్తే అందులోని బరువు, కొలతలు మీ రాయితో సరిపోయాయో లేదో చూసుకోండి. ఇప్పటికే కొనేసి అనుమానం ఉన్నవాళ్లు బిల్లు పారేయకండి. ల్యాబ్ రిపోర్టు తీసుకుని ముందు షాపులో అడగండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మేమూ ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.