జీనా కరానో ఫైట్ సినిమాలు: 'ఇన్ ద బ్లడ్' చూడాలా, 'హేవైర్' చూడాలా?

కాజీపేటలో ఉండే మా బామ్మర్దికి పొద్దున జిమ్, సాయంత్రం కోచింగ్ సెంటర్. మొన్న ఫోన్ చేసి, "బావా, జీనా కరానో నిజంగనే ఫైటరంట గదా! ఆదివారం 'ఇన్ ద బ్లడ్' చూద్దామనుకుంటున్నం, మంచిగుంటదా?" అని అడిగాడు. "వద్దురా, 'హేవైర్' చూడు" అన్నాను. ఎందుకు వద్దంటే మాత్రం ఫోన్లో తేలే సంగతి కాదు.

కరానో ఫైటర్ అన్నది నిజమే. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో, 'హేవైర్'కు ముందు ప్రొఫెషనల్‌గా ఎనిమిది ఫైట్లు చేసి ఏడు గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ వాటిలో ఆఖరిదే. 2009 ఆగస్టులో క్రిస్ సైబోర్గ్ ఆమెను మొదటి రౌండ్‌లోనే ఓడించింది. ఆమె ఫైట్లు టీవీలో చూసిన దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్, ఈ అమ్మాయిని పెట్టి సినిమా ఎందుకు తీయకూడదు అనుకున్నాడు. అలా వచ్చింది 'హేవైర్'. అమెరికా థియేటర్లలో 2012 జనవరిలో విడుదలైంది. రెండేళ్ల తర్వాత, 2014 ఏప్రిల్‌లో, జాన్ స్టాక్‌వెల్ దర్శకత్వంలో 'ఇన్ ద బ్లడ్' వచ్చింది. ఇది చిన్న సినిమా, విడుదల కూడా చిన్నదే.

రెండింట్లోనూ మనిషి ఒకరే, చేతిలో ఉన్న విద్య ఒకటే. ఆ విద్యను ఒకాయన నిలబెట్టి చూపించాడు, ఇంకొకాయన దాచిపెట్టాడు. నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది.

'హేవైర్'లో డబ్లిన్ హోటల్ గది ఫైట్ గురించి చెప్పాలి. కరానో, నటుడు మైకేల్ ఫాస్‌బెండర్ ఇద్దరూ పార్టీ నుంచి ఖరీదైన బట్టల్లో తిరిగి వస్తారు. గదిలోకి అడుగుపెట్టగానే అతను వెనకనుంచి కొడతాడు. అక్కణ్నించి మ్యూజిక్ లేదు. వినపడేది రొప్పడం, గోడకు తగిలిన ఒళ్లు, పగిలిన సామాను, అంతే. కెమెరా వెనక్కి జరిగి నిలబడుతుంది. తలనుంచి కాళ్లదాకా ఇద్దరూ ఫ్రేములోనే ఉంటారు. ఎవరి చెయ్యి ఎవరి మెడకింద ఉందో, ఎవరి కాలు ఎక్కడ చిక్కుకుందో అంతా కనిపిస్తుంది. చివరికి ఆమె కాళ్లతో అతని మెడను బిగించి పట్టే పట్టు రింగులో ఫైటర్లు నిజంగా వాడేదే. మన పిల్లలు యూట్యూబ్‌లో నేర్చుకుంటున్న ట్రయాంగిల్ చోక్ అదే. ఈ సినిమాకు కెమెరా పట్టిందీ, ఎడిటింగ్ చేసిందీ వేరే పేర్లతో సోడర్‌బర్గే. ఎక్కడ కట్ చేయకూడదో తెలిసిన మనిషి చేతిలోనే కత్తెర కూడా ఉందన్నమాట.

ఇక 'ఇన్ ద బ్లడ్'లో నైట్‌క్లబ్ ఫైట్. లైట్లు మెరుస్తూ ఆరుతుంటాయి, చుట్టూ జనం, కెమెరా ఎవరో తోస్తున్నట్టు ఊగుతుంది. చెయ్యి లేచింది, కట్. ఎవరిదో మొహం, కట్. మనిషి కింద పడి ఉన్నాడు. ఎలా పడ్డాడో మనకు తెలియదు. ఇలా ముక్కలు ముక్కలుగా కోసి చూపించే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కొట్టడం రాని హీరోను కొట్టగలిగినవాడిగా చూపించాలంటే డూప్ మొహం దాచాలి, తగలని దెబ్బను తగిలినట్టు నమ్మించాలి. కానీ ఇక్కడ దాచాల్సింది ఏముంది? కొట్టడం వచ్చిన మనిషినే తెచ్చుకుని, రానివాళ్ల కోసం పుట్టిన పద్ధతిలో షూట్ చేశారు. బిర్యానీ వండి, ఉత్త అన్నం తీసి వడ్డించినట్టుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి గుర్తొస్తోంది. 2021 సెప్టెంబర్‌లో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. మహిళల 1500 మీటర్ల పరుగులో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసి, 2002 నుంచి సునీతారాణి పేరిట ఉన్న జాతీయ రికార్డు కొట్టేసింది. ఆ పరుగును ఇరవై ముక్కలు చేసి, మధ్యలో ప్రేక్షకుల మొహాలు పెట్టి చూపిస్తే ఎవరికైనా ఏం మిగులుతుంది? ఆటగాళ్ల శరీరాన్ని మొదట్నించి చివరిదాకా చూస్తేనే వాళ్లు చేసేది అర్థమవుతుంది.

"చిన్న బడ్జెట్ కదా బావా, పాపం" అనొచ్చు మావాడు. ఒప్పుకోను. కెమెరాను ఒకచోట నిలబెట్టడానికి డబ్బు అక్కర్లేదు. అదరగొట్టే సెట్లు, పేలుళ్లు లేవని ఈ సినిమాను ఎవరూ తిట్టలేదు. పైగా ప్యూర్టోరికోలో నిజమైన వీధుల్లో తీయడంవల్ల ఊరు ఊరులాగే కనిపిస్తుంది, ఆ మేరకు మెచ్చుకోవాలి. 'హేవైర్' కూడా హాలీవుడ్ లెక్కల్లో పెద్ద బడ్జెట్ సినిమా ఏమీ కాదు. అందులో డబ్బు ఎక్కువగా కనిపించేది ఫైట్లలో కాదు, నటుల జాబితాలో.

నటుల జాబితా మాట వచ్చింది కాబట్టి నటన సంగతి. కరానోకు నటన గొప్పగా రాదు. సోడర్‌బర్గ్‌కు అది తెలుసు. అందుకే ఆమెకు మాటలు తక్కువ పెట్టాడు, షూటింగ్ అయ్యాక ఆమె గొంతును కూడా మార్పించాడు. కథ నడిపే పనిని ఇవాన్ మెక్‌గ్రెగర్, ఆంటోనియో బాండెరాస్, మైకేల్ డగ్లస్‌లకు అప్పగించాడు. ఆమె నిశ్శబ్దంగా నడుస్తుంది, చూస్తుంది, కొడుతుంది. ఆ మౌనం పాత్ర స్వభావంలా కనిపిస్తుంది తప్ప లోపంలా అనిపించదు. స్టాక్‌వెల్ ఆమెతో ఏడిపించాడు. భర్త మీద ప్రేమ, భర్త కనిపించకుండా పోయిన బాధ, చిన్నప్పుడు తండ్రి పెట్టిన కఠినమైన శిక్షణ తాలూకు ఫ్లాష్‌బ్యాకులు, అన్నీ ఆమె మొహంమీదే నడవాలి. నడవలేదు. తండ్రిగా స్టీఫెన్ లాంగ్ ఫ్లాష్‌బ్యాక్‌లో వచ్చిన ప్రతిసారీ సినిమాకు ప్రాణం వస్తుంది, వర్తమానానికి తిరిగి రాగానే మళ్లీ చప్పబడుతుంది.

అయితే కథ విషయంలో 'ఇన్ ద బ్లడ్'కే కొంచెం ఎక్కువ మార్కులు వేస్తాను. హనీమూన్‌కు కరీబియన్ దీవికి వచ్చిన జంట. జిప్‌లైన్ మీద వెళుతుండగా భర్త కిందపడతాడు. ఆంబులెన్స్ వస్తుంది, భార్యను ఎక్కించుకోరు. ఆమె ఆస్పత్రికి పోతే, అలాంటి మనిషే ఇక్కడికి రాలేదంటారు. ఎంత మంచి చిక్కుముడి! మన సినిమాల్లో ఎత్తుకుపోయేది ఎప్పుడూ హీరోయిన్‌నే, వెతుక్కుంటూ పోయేది హీరో. ఇక్కడ భార్య భర్తను వెతుకుతుంది. ఆంబులెన్స్ ఎటు పోయిందన్న టెన్షన్ మొదటి అరగంట తర్వాత కూడా కాసేపు నిలుస్తుంది. ఆ తర్వాత సాగదీత. ఒకణ్ని కొట్టి ఇంకొకడి అడ్రస్ కనుక్కోవడం, వాణ్ని కొట్టి మరొకడిది కనుక్కోవడం. నూట ఎనిమిది నిమిషాల సినిమా, ఒక ఇరవై నిమిషాలు కోసేసినా ఎవరూ గమనించరు. ('హేవైర్' తొంభై మూడు నిమిషాల్లో అయిపోతుంది.)

ఇంకో మాట. ఆ దీవిలో ఉన్నవాళ్లలో దాదాపు ప్రతివాడూ దొంగో, దొంగకు సాయం చేసేవాడో, లంచాల పోలీసో. ఇదే దర్శకుడు 2006లో 'టూరిస్టాస్' అని తీశాడు, అక్కడా బ్రెజిల్ వెళ్లిన విదేశీ కుర్రకారు స్థానికుల చేతిలో చిక్కుతారు. రామప్ప, లక్నవరం చూడ్డానికి జనం వచ్చే ప్రాంతం మనది. పడవ నడిపేవాళ్లు, ఆటోవాళ్లు, కంకులు కాల్చి అమ్మే ఆడవాళ్లు మనకు ఇరుగుపొరుగు. వాళ్లందరినీ వరసగా విలన్లను చేసి ఎవరైనా సినిమా తీస్తే మనకు ఎట్లుంటదో, అది చూస్తున్నప్పుడు నాకూ అట్లనే అనిపించింది. ఆమె కొడుతుంటే చప్పట్లు కొట్టాలనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

'హేవైర్' కథ మాత్రం బాగుందా? నిజం చెప్పాలంటే అదొక గందరగోళం. పనిచేయించుకున్నవాళ్లే ఆమెను వదిలించుకోవాలని చూస్తారు, అంతే కథ. దాన్ని ముందువెనకలు చేసి చెప్పారు. బార్సిలోనాలో ఏం జరిగింది, ఎవరు ఎవరికి డబ్బిచ్చారు అన్నది రెండోసారి చూస్తేగానీ తేలదు. అమెరికాలో మొదటి రోజుల్లో చూసిన ప్రేక్షకులే దానికి సినిమాస్కోర్ సర్వేలో డి ప్లస్ ఇచ్చారు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం పెదవి విరిచారు. మావాడికి ఎలివేషన్లు, ఇంటర్వెల్ బ్యాంగ్ కావాలి కాబట్టి వాడూ మొదట్లో విసుక్కుంటాడని తెలుసు. అయినా మొదటి పది నిమిషాల్లోనే, చిన్న హోటల్లో చానింగ్ టేటమ్ ఆమె మొహంమీద వేడి కాఫీ కొట్టే దగ్గర కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

ఆ కాఫీ దగ్గర ఒక మాట చెప్పాలి. 'హేవైర్'లో కరానో దెబ్బలు బాగా తింటుంది. గోడకేసి కొడతారు, నేలమీద పడేస్తారు. దెబ్బ తిన్న తర్వాత ఒళ్లు ఎలా సర్దుకుంటుందో, మళ్లీ లేవడానికి ముందు ఊపిరి ఎలా తీసుకుంటుందో నిజమైన ఫైటర్‌కు తెలిసినట్టు నటులకు తెలియదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఎంత కళ్లార్పకుండా చూశామో, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడినప్పుడూ అంతే చూశాం. 'ఇన్ ద బ్లడ్'లో ఆమెను ఓడించగలిగేవాడు ఎవడూ లేడు. అందుకే ఫైట్ మొదలైన మరుక్షణమే ఫలితం తెలిసిపోతుంది.

ఇంగ్లిష్, సబ్‌టైటిళ్ల గొడవ వద్దనుకునేవాళ్లకు మన 'గురు' ఉండనే ఉంది. 2017 మార్చి 31న వచ్చింది, వెంకటేశ్ కోచ్. అందులో రితికా సింగ్ నిజంగా కిక్‌బాక్సింగ్, మార్షల్ ఆర్ట్స్‌లోంచి వచ్చిన అమ్మాయి. దర్శకురాలు సుధ కొంగర ఇదే కథను 2016లో తమిళంలో, హిందీలో తీసినప్పుడు కూడా ఆ పాత్ర రితికాదే. ఫైట్ల లెక్కన చూస్తే ఇది యాక్షన్ సినిమా కాదు, ఆట సినిమా. కానీ ఆటనుంచి వచ్చిన మనిషిని ఎలా వాడుకోవాలో నేర్చుకోవాలంటే ఈ మూడింట్లో ఇదే పాఠం. ఆ అమ్మాయి పొగరు, నోటిదురుసు, కోచ్‌ను ఎదిరించడం, అన్నీ ఒంట్లోంచే వస్తాయి. ఏడ్చే సీన్లో కూడా గుద్దులు గుద్దినట్టే ఏడుస్తుంది. కరానోకు అలాంటి పాత్ర ఒక్కటి రాసి ఉంటే ఎలా ఉండేదో! (డబ్బుంటే సరిపోదనడానికి 2022లో వచ్చిన 'లైగర్' చాలు. మైక్ టైసన్ అంతటివాణ్ని తెచ్చి ఏం చేశారో చూశాం కదా.)

'ద మెరీన్' మాట ఎత్తకపోతే కాజీపేట కుర్రాళ్లు ఊరుకోరు. మన దగ్గర డబ్ల్యూడబ్ల్యూఈ చూసి పెరిగిన తరం మొత్తానికి జాన్ సీనా ఇంటిమనిషే. 2006 నాటి ఆ సినిమాలో అతని భార్యను వజ్రాల దొంగలు ఎత్తుకుపోతారు, అతను వెంటపడతాడు. లాజిక్ అడగకూడదు, నటన అడగకూడదు. కానీ అదొక తమాషా సినిమా, ఆ సంగతి దానికే తెలుసు. విలన్ రాబర్ట్ ప్యాట్రిక్ నవ్విస్తూ నడిపిస్తాడు. 'ఇన్ ద బ్లడ్'కు ఈ తెలివి కూడా లేదు, మొహం ముడుచుకుని సీరియస్‌గా కూర్చుంటుంది. చెత్త సినిమాయే చూడాలని నలుగురూ తీర్మానించుకున్న రాత్రి అయితే నా ఓటు సీనాకే.

మావాడికి చెప్పేది ఇదీ. ఫైట్ నేర్చుకుంటున్నావు కాబట్టి ఒంటరిగా కూర్చుని 'హేవైర్' చూడు, డబ్లిన్ గది దగ్గర వెనక్కి తిప్పి ఇంకోసారి చూడు. ఇంట్లో అక్క, అమ్మ ఉన్నప్పుడు 'గురు' పెట్టు. కేయూ క్రాస్‌రోడ్ దగ్గరి నీ హాస్టల్ దోస్తులు వస్తే 'ద మెరీన్'. 'ఇన్ ద బ్లడ్' చూసి తీరాలనుంటే ఆంబులెన్స్ వెళ్లిపోయేదాకా చూసి ఆపేయొచ్చు. భర్త ఏమయ్యాడో తెలియకపోతే నిద్ర పట్టదనుకుంటే చివరి పదిహేను నిమిషాలకు జరుపుకో. మధ్యలో ఆమె ఎవరెవరిని కొట్టిందో చూసినా ఎలాగూ సరిగ్గా కనపడదు.