కింగ్‌స్టన్ ఫ్యూరీ బీస్ట్ 16 జీబీ ర్యామ్ కిట్: కొనొచ్చా?

కొనొచ్చు. కాకపోతే ముందు మీకు నిజంగా ర్యామే తక్కువైందా అన్నది తేల్చుకోండి. రోజూ చేసే పనులన్నీ తెరిచిపెట్టి విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి, అది ఎప్పుడూ 90 శాతం పైనే ఉంటే కొనాల్సిందే. ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కూడా అక్కడే కనిపిస్తుంది. నా 8 జీబీ డెస్క్‌టాప్ బ్రౌజర్‌తో పాటు ఒక ఫొటో ఎడిటర్ తెరిస్తే చాలు, నత్తనడకే.

నేను తీసుకున్నది డీడీఆర్4 (ర్యామ్ తరం), వేగం 3200, సీఎల్16 (స్పందించడానికి పట్టే ఆలస్యం, తక్కువైతే మంచిది), 8 జీబీ స్టిక్కులు రెండు. ఒకే 16 జీబీ స్టిక్ ఎందుకు తీసుకోలేదంటే డ్యూయల్ ఛానల్ కోసం, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి డేటా అందించడం కోసం. ఒక్క స్టిక్‌తో బ్యాండ్‌విడ్త్ (ఒక సెకనులో వెళ్లే డేటా) సగానికి పడిపోతుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకి ఆ తేడా గేముల్లో బాగా తెలుస్తుంది, ఎందుకంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. పాత స్టిక్ పక్కనే ఇంకోటి పెట్టుకోవచ్చు కదా అంటారా, చాలాసార్లు నడుస్తుంది, కానీ రెండూ నెమ్మదిగా ఉన్నదాని వేగానికే దిగుతాయి, ఒక్కోసారి అసలు పొసగవు. ఇంకో మాట, డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే ఉన్నా మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు, కాబట్టి మదర్‌బోర్డు మాన్యువల్ చూడకుండా ఆర్డర్ పెట్టకండి.

బిగించడం తేలికే. పవర్ కేబుల్ తీసేసి, కేబినెట్‌లో ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా రంగు వేయని లోహాన్ని ఒకసారి తాకి మొదలుపెట్టండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి. గాటు సరిచూసుకుని రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కాలి, ఇక్కడే టెన్షన్, బోర్డు కొంచెం వంగినట్టు అనిపిస్తుంది, అయినా క్లిప్పు దానంతటదే టక్కున మూసుకునేదాకా ఆపకూడదు. ఒక చివర కాస్త లేచి ఉన్నా చాలు, సిస్టమ్ ఆన్ అవుతుంది గానీ స్క్రీన్ మీద ఏమీ రాదు. ఈ స్టిక్కుల ఎత్తు 34 మిల్లీమీటర్లే, పెద్ద కూలర్ ఉన్నా చాలావరకు అడ్డం తగలదు, ఇది నాకు బాగా నచ్చింది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. పెట్టె మీద 3200 అని ఉన్నా బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపించే సెట్టింగ్, ఆన్ చేయకపోతే తక్కువ వేగంలోనే నడుస్తుంది, నా బోర్డులో 2400 చూపించింది, ఆన్ చేశాకే 3200 వచ్చింది. చాలామంది ఈ పని చేయకుండానే ఏళ్ల తరబడి వాడేస్తుంటారు, డబ్బులు పోసి కొన్న వేగం అలా వదిలేసుకోవడం అన్యాయం.

ఇప్పుడు ట్యాబులు మారుతుంటే పేజీలు మళ్లీ లోడ్ కావడం లేదు, ఎడిటర్ ఆగడం లేదు. సిస్టమ్ ఆన్ అయ్యే సమయం మాత్రం దాదాపు అంతే, అది తగ్గాలంటే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలి. పాత స్టిక్ ఎవరికైనా ఇచ్చేసే ముందు కొత్త కిట్ మీద మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌లో లోపాలు పట్టే ప్రోగ్రామ్) ఒక రాత్రంతా నడిపి చూడండి, ఒక్క ఎర్రర్ కనిపించినా కిట్ మొత్తం మార్పించుకోండి.