బ్రాడ్‌వే టికెట్లు కొనేవాళ్లు జాగ్రత్త: పైన వచ్చే లింకు థియేటర్‌ది కాకపోవచ్చు

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బ్రాడ్‌వే షో (న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్లలో ఆడే నాటకం) చూపించాలనుకునేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. పోయిన నెల మేము మూడు టికెట్లకు 567 డాలర్లు పోసి, మోకాళ్ల నొప్పులున్న నాన్నను మూడంతస్తుల మెట్లెక్కించాం.

థియేటర్ పేరు గూగుల్‌లో కొట్టి, అన్నిటికంటే పైన వచ్చిన లింకు నొక్కాను. వెబ్‌సైట్ అడ్రస్‌లో థియేటర్ పేరే ఉంది. ఫొటో థియేటర్‌దే, సీట్ల మ్యాపూ ఉంది. లింకు పక్కన 'స్పాన్సర్డ్' అని ఉన్నది చూసుకోలేదు. అది టికెట్లు తిరిగి అమ్మే రీసేల్ కంపెనీ. థియేటర్‌తో తమకు సంబంధం లేదని పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసుకున్నారు కూడా.

మరి ఎందుకు నమ్మానంటే, ఫీజులన్నీ కలిపి టికెట్ 189 డాలర్లని మొదటే చూపించారు. లైవ్ షోలకు మొత్తం ధర ముందే చూపాలని న్యూయార్క్‌లో 2022 నుంచి, అమెరికా అంతటా 2025 మే నుంచి నిబంధన ఉంది. దాచిందేమీ లేదు కదా అనుకున్నా. తిరిగి అమ్మేవాళ్లు ఎంత లాభం వేసుకోవాలో మాత్రం ఆ నిబంధన చెప్పదు!

నేను ఎంచుకున్నది కింది అంతస్తు, అంటే ఆర్కెస్ట్రా. షో ముందురోజు రాత్రి ఫోన్‌కు వచ్చినవి బాల్కనీ టికెట్లు. వాటి మీద అసలు ధర 69 డాలర్లు. "అందుబాటును బట్టి సీటు మారవచ్చు" అన్న షరతు ఉందట. నాన్న మాత్రం సంబరపడ్డారు. మన ఊళ్లో బాల్కనీ అంటే ఖరీదైన క్లాసు కదా! ఇక్కడ అన్నిటికంటే పైన, అన్నిటికంటే చౌక. పైగా చాలా బ్రాడ్‌వే థియేటర్లు వందేళ్ల నాటివి, పై అంతస్తులకు లిఫ్ట్ ఉండదు. బాక్సాఫీసులో, అంటే థియేటర్ టికెట్ కౌంటర్‌లో అడిగితే, మేము అమ్మిన టికెట్ కాదు, మార్చలేం అన్నారు. ఇంటర్వెల్‌లో నాన్న బాత్రూమ్‌కి కూడా దిగలేదు.

కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశా. టికెట్ గేటు దగ్గర పనిచేసింది, మీరు షో చూశారు, కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. టికెట్లు రాగానే, లోపలికి వెళ్లకముందే గొడవ చేసి ఉండాల్సింది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, షో సొంత వెబ్‌సైట్ తెరిచి, అందులో ఉన్న టికెట్ బటన్ నుంచే వెళ్తున్నా. న్యూజెర్సీలో ఉంటాం కాబట్టి, న్యూయార్క్ సిటీకి వెళ్లే పని పడితే థియేటర్ టికెట్ కిటికీ దగ్గరే కొంటున్నా. ఆన్‌లైన్ సర్వీస్ ఫీజు మిగులుతుంది, సీటు ఎక్కడో మనిషిని అడగొచ్చు. ఏ షో అయినా ఫర్వాలేదనుకుంటే టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి నడుస్తున్న టీకేటీఎస్ బూత్‌లో అదే రోజు షోలకు డిస్కౌంట్ దొరుకుతుంది. క్యూలో నిలబడాలి, పెద్దవాళ్లను మాత్రం ఎక్కడైనా కూర్చోబెట్టి వెళ్లండి.

ఎక్కడ కొన్నా "సీటు దాకా ఎన్ని మెట్లు?" అని ముందే అడగండి. మెజనీన్ (ఆర్కెస్ట్రాకు పైన ఉండే అంతస్తు) అన్నా మెట్లే.