భీమిలిలో కాపురం: డిసెంబరులో చూసి అడ్వాన్సు ఇవ్వకండి

డిసెంబరులోనో జనవరిలోనో భీమిలి చూసినవాళ్లకు ఇక్కడే ఉండిపోదామనిపిస్తుంది. చెమట పట్టదు, ఎండ చురుక్కుమనదు. పొద్దున్నే లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో కూర్చుంటే అలల చప్పుడు తప్ప మరోటి వినపడదు. ఆ ఊపులోనే కొందరు ఇంటికో స్థలానికో అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఇక్కడ ఉండగలమా లేదా అన్నది తేల్చేవి వేరే రెండు నెలలు. మేలో నీళ్ల సంగతి తెలుస్తుంది, అక్టోబరులో గాలి సంగతి తెలుస్తుంది.

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు ఆ దారినే వస్తుంది. అటువైపు తగరపువలసలో జాతీయ రహదారి ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. గోస్తనీ సముద్రంలో కలిసేది ఇక్కడే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు స్థావరం పెట్టుకున్న రేవు, 1861 నాటి మున్సిపాలిటీ. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసింది. డచ్చి సమాధులు, గడియార స్తంభం, పావురాల కొండ మీది బౌద్ధ శిథిలాలు ఒక్క పూటలో చూసేయొచ్చు. కాపురానికి వచ్చేవాళ్లకు వాటికన్నా పనికొచ్చే సంగతి, ఇది రిసార్టుల చుట్టూ పుట్టిన ఊరు కాకపోవడం. కూరగాయల బజారు, మందుల షాపు, బ్యాంకు, బడి, గుడి అన్నీ పాత ఊళ్లోనే నడక దూరంలో దొరుకుతాయి. పెద్ద వైద్యం కావాలంటే సంగివలసలో వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర, విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దూరం. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ప్రశాంతత మాత్రం వారాన్ని బట్టి మారుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు తీరం దాదాపు ఊరివాళ్లదే. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు కార్లతో, హారన్లతో నిండిపోతుంది. కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాల బస్సులు వస్తాయి. కాబట్టి సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లు కన్నా రెండు మూడు వీధులు లోపలికి, కొండ వైపు ఉన్న ఇల్లు మేలు. చప్పుడు తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఉప్పు తగ్గుతుంది. పది నిమిషాల నడకతో సముద్రం ఎలాగూ అందుతుంది.

ఇంటికి ఉప్పుగాలి చేసే నష్టం మొదటిసారి చూడటానికి వెళ్లిన రోజు కంటికి ఆనదు, ఎందుకంటే రంగు కొత్తగా వేసి ఉంటుంది. రంగును వదిలేసి కిటికీ బందుల దగ్గర స్క్రూల తలలు చూడండి. చీలిక కనపడనంతగా తుప్పు పట్టి ఉంటే ఊచలు లోపల తినేసినట్టే. తర్వాత బాల్కనీ కిందకి వెళ్లి స్లాబు అడుగు భాగం చూడండి. సన్నటి గోధుమరంగు చారలు చువ్వల వరసలోనే కనపడతాయి. అక్కడ తాళం చెవితో కొడితే డొల్లగా మోగుతుంది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతోందని అర్థం. పైన ఎంత సిమెంటు పూసినా రెండేళ్లు ఆగదు. అలాంటి ఇల్లు అద్దెకైతే సరే, కొనడానికి వద్దు.

కొత్తగా కట్టేవాళ్లు మేస్త్రీతో ముందే తేల్చుకోవాలి. తీరగాలికి గురయ్యే కట్టడానికి కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎం30 రకం కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం ఉండాలి. మామూలుగా స్లాబుకు వేసే కవర్ బ్లాకులు 20 మిల్లీమీటర్లవే. స్లాబు పోసే రోజు బ్లాకు చేత్తో పట్టుకుని కొలవండి. ఇసుక నది మొగ దగ్గరదైతే ఒప్పుకోవద్దు, ఆ ఉప్పు నేరుగా చువ్వకే చేరుతుంది. గ్రిల్లుకు స్టీలు వాడితే 304 కాకుండా 316 రకం అడగండి. ఏసీ బయటి యూనిట్‌ను సముద్రం వైపు గోడకు పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే నెలకోసారి మంచినీళ్లతో కడగాలి.

ఇక నీళ్లు. వానాకాలంలో తియ్యగా ఉన్న బోరు ఎండాకాలం చివర ఉప్పెక్కుతుంది. మంచినీటి పొర పలచబడి, తోడినకొద్దీ సముద్రపు నీరు కింద నుంచి పైకి వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చవకే, వెంట తీసుకెళ్లండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగొచ్చు, మరో దారి లేనప్పుడు 2000 వరకు పరిమితి. అంతకు మించితే గీజరు, కుళాయిలు కూడా పాడవుతాయి. మేలో కొలిచిన అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. మున్సిపల్ కుళాయి రోజుకు ఎంతసేపు వస్తుందో ఇంటి యజమాని కన్నా పక్కింటావిడ సరిగ్గా చెబుతుంది.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. సముద్రం వైపు పెద్ద అద్దాలు, రేకుల షెడ్డు, మేడ మీద కట్టని సింటెక్స్ ట్యాంకు ఉన్న ఇల్లు వదిలేయండి. కరెంటు రోజుల తరబడి రాకపోయినా నీళ్లు తోడుకునే వీలుందా అని అడగండి. చేతిపంపో బావో ఉన్న వీధి అదృష్టమే.

చేపల విషయంలో మాత్రం ఈ ఊరికి వంక పెట్టలేం. పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళితే కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, రోజు బాగుంటే వంజరం. మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు నిషేధం, ఆ రెండు నెలలూ రకాలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. స్నానానికి నది మొగ వైపు ఎవరూ దిగొద్దు. పాటు మొదలయ్యాక, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నదినీరు లోపలికి లాగేస్తుంది, ఇసుకమేట నిన్న ఉన్నచోట ఈరోజు ఉండదు. అక్కడ నీళ్లు పైకి ప్రశాంతంగా కనపడటమే ప్రమాదం.

ఇంతకన్నా నిశ్శబ్దం కావాలంటే శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, బారువ ఉన్నాయి. సెలవుకు అవే బాగుంటాయి, ఏడాది పొడవునా ఉండాలంటే ఆసుపత్రీ బజారూ ఉన్న భీమిలే నయం.

కొనేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాలి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ధరలు పెంచి అమ్ముతున్నారు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమేమో చూడండి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లకు తీయించండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి, పోటునీరు ఎక్కే గోస్తనీ ఒడ్డుకూ ఆ చట్టం ఉంది. ఎర్రమట్టి దిబ్బల పక్కన ప్లాటంటే వద్దనండి, ఒకసారి చదును చేస్తే ఆ దిబ్బ మళ్లీ పుట్టదు.

ముందు అద్దెకే దిగండి. పదకొండు నెలల అగ్రిమెంటు జులై 1 నుంచి రాయించుకుంటే అక్టోబరూ, మే నెలా రెండూ అందులోకే వస్తాయి.