బుడితి ఇత్తడి ప్రమిదలు: ముక్కు చూసి కొనండి

కార్తీకానికి ముందు శ్రీకాకుళం బజారులో ఒక పాత్రల కొట్లో బుడితి ఇత్తడి ప్రమిదల జత కొన్నాను. రెండూ కలిపి 600 గ్రాముల పైమాటే. సారవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది కదా, బిల్లు మీద ఊరి పేరు రాయమన్నాను. "నమ్మకం మీదేనమ్మా" అన్నాడు కొట్టాయన. పోనీలెమ్మనుకున్నాను.

డబ్బులు లెక్కపెడుతూ ఆయనే, "కొడిగట్టిన పని తల్లీ ఇది, చేసేవాళ్ల పిల్లలెవరూ ఇటు రారు" అన్నాడు. ప్రమిద అమ్ముతూ ఆ మాట అంటుంటే నవ్వొచ్చింది. కొడి అంటే వత్తి కొసన కట్టే నల్లటి మసి బొడిపె. "కొడిగట్టిన కళ", "కొడిగట్టిన ప్రాణం" అని పేపర్లలో చదివీ చదివీ ఇక అయిపోయినట్టేనన్న అర్థం నా బుర్రలో పడిపోయింది. మా అమ్మ లెక్క వేరు. అయిపోతే దీపం కొండెక్కింది అంటుంది. ఆరిపోయిందన్న మాట నోట రానివ్వదు, డబ్బాలో బియ్యం లేకపోతే నిండుకున్నాయన్నట్టు. కొడిగట్టేది ఇంకా వెలుగుతున్న దీపమే.

సరుకు సంగతికొస్తే, మొదటి ప్రమిద బంగారం. అంచు మందం, ముక్కు లోతు. నువ్వుల నూనె పోస్తే రెండు గంటలు నిలకడగా వెలిగింది. రెండోదాని ముక్కు చదును, వత్తి నూనెలోకి జారిపోతోంది. అడుగున ఆకురాయి సరిగ్గా పట్టలేదేమో, గచ్చు మీద టకటకా ఊగుతోంది. మార్చమంటే "నూనె పోశాక తీసుకోం" అన్నారు. నూనె పొయ్యకుండా ప్రమిద మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయో వాళ్లే చెప్పాలి.

మూడో రోజు ఆ రెండోదే మసకబారింది. ఇంకో చెంచాడు నూనె పోశాను, లాభం లేదు. వంటింట్లోంచి అమ్మ, "నూనెకేటవుద్దే, ముందు కొడి తీ!" అని కేకేసింది. అగరుబత్తి పుల్లతో కొసను గిల్లితే మిరియపు గింజంత బొగ్గు పళ్లెంలో రాలింది. మంట చప్పున లేచింది, వెనక గోడ మీద క్యాలెండర్ తేదీలు కూడా కనబడ్డాయి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు కొట్లోనే బల్ల మీద పెట్టి ఊపి చూడండి, ముక్కులో వేలు పెట్టి లోతు చూడండి. చింతపండూ ఉప్పూ వేసి తోమితే చాలు, స్టీలు పీచు తగలనివ్వకండి, గీతలు పడతాయి. నా రెండోదాని కింద ప్రస్తుతానికి మడతపెట్టిన అట్టముక్క ఉంది.