కొండారెడ్డి బురుజు వైపు ఫిషింగ్ సామాన్ల షాపు: నా రివ్యూ

కర్నూలులో గాలం సరదా ఉన్నవాళ్లు ఈ షాపుకి తప్పకుండా వెళ్లండి. బురుజు దగ్గర సందులో చిన్న కొట్టు, సాయంత్రం బండి పెట్టడానికి చోటుండదు. సుంకేసుల వైపు కొర్రమీనుకి వెళ్లేవాళ్లకి కావాల్సినవన్నీ ఉంటాయి, సముద్రపు రాడ్లు మాత్రం ఆర్డర్ మీద తెప్పిస్తారు. రేట్లు ఆన్‌లైన్ కంటే కాస్త ఎక్కువే, కానీ లైన్ రీలుకి చుట్టి, ముడి వేయడం దగ్గరుండి చూపిస్తారు.

నేను ఐదు స్టార్లు ఇచ్చింది ఇంకో కారణంతో. సూర్యలంక, మైపాడు వెళ్లే మా గ్రూపులో, తీరమంతా రక్షిత ప్రాంతం చేస్తారట, ఇక గాలం వేయనివ్వరట అని మెసేజ్ తిరిగింది. అందరికీ టెన్షన్, కొందరైతే ధర్నా అన్నారు. షాపు అన్నని అడిగితే "ముందు నోటిఫికేషన్ ఉందా చూడండి, ఉంటే మ్యాప్‌లో హద్దులు చూడండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. అలాంటిదేదీ మాకు కనపడలేదు. కానీ నిజంగా వస్తే ఏం చేయాలో ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాడు.

1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యం చేస్తామంటే కలెక్టర్ స్థానిక భాషలో ప్రకటన ఇస్తారు, హక్కులున్నవాళ్లు 2 నెలల్లో రాసివ్వాలి. ఎకో సెన్సిటివ్ జోన్ (అభయారణ్యం లాంటి వాటి చుట్టూ ఆంక్షలుండే ప్రాంతం) డ్రాఫ్ట్ అయితే 60 రోజుల్లో ఎవరైనా అభ్యంతరాలు, సలహాలు పంపొచ్చు. మనది సరదా, మత్స్యకారులది బతుకు. తీరం దగ్గరి సముద్రాన్ని అభయారణ్యంలో కలిపేటప్పుడు వాళ్ల వృత్తిని కాపాడాలని చట్టంలోనే ఉంది, కాబట్టి వాళ్లని పక్కనపెట్టి మన హక్కు అని వాదిస్తే నిలవదు, వాళ్లతో కలిసి రాస్తేనే బరువు అన్నాడు. నాకు ఇది నూటికి నూరు పాళ్లు నిజం అనిపించింది.

"వద్దు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ ఒడ్డున, ఏ నెలల్లో, ఏ చేప పడుతున్నారు, ఎన్ని వదిలేస్తున్నారు, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని దాన్నే జత చేయాలి. చేపలు గుడ్లు పెట్టే చోట పూర్తిగా మూసేయడానికి ఒప్పుకుని, మిగతా చోట ఒడ్డు నుంచి ఒక రాడ్, ఒక గాలం అనుమతి అడగాలి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల పార్కులో 2004లో మూడో వంతు ప్రాంతాన్ని చేపలు పట్టకుండా మూశారు, కానీ మ్యాప్‌లో పసుపు రంగు వేసిన జోన్లలో సరిగ్గా ఇలాగే ఒక గాలంతో వదిలారు. దానికి ముందు జనం పంపిన అభిప్రాయాలు 30 వేలకు పైనే.

ఒక్క లోటు, బార్బ్ (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) లేని గాలాలు తరచూ అయిపోతాయి. పట్టి వదిలేయమని అంత బాగా చెప్పే షాపులో అవి ఎప్పుడూ ఉండాలి, అన్నా, దయచేసి ఎక్కువ తెప్పించు. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరుస్తారు, తీరిగ్గా మాట్లాడాలంటే మామూలు రోజుల్లో పొద్దున వెళ్లండి.